17 చెట్ల లెక్క సరే, కాగితం పొడిగా ఉందా?

గుంటూరు నుంచి ఒక టీచర్ గారు ఇలా అడిగారు: "మా బడిలో పిల్లల చేత పాత కాగితాలు పోగుచేయించి రీసైక్లింగ్‌కు పంపుదామనుకుంటున్నాం. టన్ను కాగితం రీసైకిల్ చేస్తే 17 చెట్లు బతుకుతాయని చార్టు కూడా రాయించాం. మా వారేమో, ఇప్పుడు కాగితానికి వాడేది అడవి కలప కాదు, రైతులు పొలాల్లో వేసే సుబాబుల్, ఇక మీరు కొత్తగా బతికించేదేముంది అంటున్నారు. ఎవరి మాట నిజం? అసలు ఏ కాగితం పనికొస్తుంది, ఏది పనికిరాదు?"

టీచర్ గారూ, నమస్కారం. విజయవాడ వన్‌టౌన్‌లో మా మేనమామ గారి చిత్తు కాగితాల గోడౌన్‌లో కాటా దగ్గర కూర్చోవడంతో నా పని మొదలైంది. ఆ తర్వాత గోదావరి జిల్లాలో ఒక చిన్న క్రాఫ్ట్ పేపర్ (అట్టపెట్టెలకు వాడే గోధుమరంగు కాగితం) మిల్లులో గుజ్జు సెక్షన్ చూస్తూ 24 ఏళ్లు చేశాను. పాత కాగితాన్ని తూకం వేసి కొన్నవాణ్ణీ నేనే, నానబెట్టి గుజ్జు చేసినవాణ్ణీ నేనే. మీ వారి మాటలో నిజం ఉంది, మీ చార్టులోనూ కొంత ఉంది. కానీ అసలైన సంగతి మీ ఆఖరి ప్రశ్నలో ఉంది. దాని దగ్గరికి నిదానంగా వస్తాను, కొంచెం ఓపికపట్టి చదవండి.

ముందు 17 చెట్ల సంగతి. అది అమెరికాలో పుట్టిన లెక్క. అక్కడి చెట్ల లావు వేరు, ఎత్తు వేరు. మన లెక్క మనం వేసుకుందాం. రసాయనాలతో ఉడికించి గుజ్జు తీస్తే కలప బరువులో దాదాపు సగమే పీచుగా చేతికొస్తుంది. అంటే టన్ను గుజ్జుకు రెండు టన్నుల పైచిలుకు ఎండు కలప కావాలి. అప్పుడే నరికిన కర్రలో దాదాపు సగం నీళ్లే కాబట్టి పచ్చి కర్రయితే నాలుగు టన్నులు దాటుతుంది. నందిగామ, చందర్లపాడు వైపు మూడు నాలుగేళ్లకే కొట్టేసే సుబాబుల్ చెట్టు లెక్కకోసం 50 కిలోలు తూగుతుందనుకోండి, 80 చెట్లకు పైనే అవుతుంది. అదే నలభై అడుగులు పెరిగిన పైన్ చెట్లయితే ఇరవై చాలవచ్చు. చెట్టు అనేది తూకంరాయి కాదు కదా. అందుకని చార్టు మీద చెట్ల సంఖ్య తీసేసి "టన్ను తెల్ల కాగితానికి నాలుగు టన్నుల పచ్చి కర్ర" అని రాయించండి. పిల్లలకు లెక్క కూడా అర్థమవుతుంది, ఎవరూ తప్పుపట్టరు.

ఇక మీ వారి మాట. 1988 జాతీయ అటవీ విధానం వచ్చాక మిల్లులు సహజ అడవుల మీద ఆధారపడకూడదని, కావలసిన కలప రైతులతో పెంచించుకోవాలని తేల్చారు. అప్పటి నుంచే మన కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల మెట్టల్లో సుబాబుల్, జామాయిల్, తీరంలో సరుగుడు అంతగా పెరిగాయి. సుబాబుల్ కొట్టాక మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది, వేళ్లు నేలకు నత్రజని ఇస్తాయి. ఆ రైతులు అడవిని నరికేవాళ్లు కారు. మనం చిత్తు కాగితం వాడితే వాళ్ల పొట్ట కొట్టినట్టవుతుందనే భయం కూడా అక్కర్లేదు. మన దేశానికి ఉన్న కొరత చెట్లది కాదు, పీచుది. కర్ర, చెరకు పిప్పి, చిత్తు కాగితం అన్నీ కలిపినా చాలక ఏటా లక్షల టన్నుల చిత్తు కాగితాన్ని ఓడల్లో దిగుమతి చేసుకుంటున్నాం. మన వీధుల్లో మట్టిపాలయ్యే కాగితం బదులు వేరే దేశపు చిత్తు కొంటున్నామన్నమాట.

మీ వారికి తట్టని సంగతి ఇంకొకటి ఉంది. పొద్దున్నే మీ గుమ్మంలో పడే తెలుగు దినపత్రిక కాగితం చాలావరకు మన పొలంలో పుట్టింది కాదు. దేశంలో వాడే న్యూస్‌ప్రింట్‌లో పెద్ద భాగం విదేశాల నుంచి, ముఖ్యంగా రష్యా, కెనడా లాంటి చలి దేశాల నుంచి వస్తుంది. అక్కడ చెట్టు ఎదగడానికి దశాబ్దాలు పడుతుంది. ఈ కాగితానికి కర్రను రసాయనాల్లో ఉడికించరు, యంత్రాల మధ్య నూరి గుజ్జు చేస్తారు. అందుకే చెట్టులో పీచును పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం దాంట్లోనే ఉండిపోతుంది. పేపరు రెండు రోజులు ఎండలో పడుంటే పసుపుపచ్చగా మారేది ఆ లిగ్నిన్ వల్లే. ఇలా నూరడంలో కలప వృథా తక్కువ, కరెంటు ఖర్చు మాత్రం బాగా ఎక్కువ. బీరువా, టీవీ వచ్చిన అట్టపెట్టెల్లోనూ విదేశీ పీచు ఉంటుంది. మన చెట్ల పీచు పొడవు మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటుంది. చలి దేశాల పైన్, స్ప్రూస్ పీచు మూడు మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. గట్టి పెట్టెకు ఆ పొడుగు పీచు కావాలి కాబట్టే మిల్లులు అమెరికా నుంచి పాత అట్టలు తెప్పించుకుంటాయి. ఆ పీచు ఒకసారి మన ఊరు చేరాక దాన్ని ఎన్ని చేతులు తిప్పగలమన్నది మన మీదే ఉంది.

పీచు, పీచు అని ఊరికే అంటున్నాను కాబట్టి అదేమిటో చెప్పాలి. మా అమ్మమ్మ గారిది తెనాలి దగ్గర పల్లె. ఎండాకాలం రాగానే పాత కాగితాలు, మా నోటు పుస్తకాలు తొట్లో నానబెట్టి, మెంతులు రుబ్బి అందులో కలిపి, ఆ ముద్దను వెదురు చేటలకూ బుట్టలకూ మెత్తేది. ఆరాక చేట రాయిలా గట్టిపడేది, సందుల్లోంచి నూక కూడా జారేది కాదు. ఆవిడ చేసిందే మా మిల్లులో టన్నుల లెక్కన చేశాం. కాగితమంటే చెట్టు పీచును నీళ్లలో విడదీసి, పలుచగా పరిచి, ఆరబెట్టడం. మళ్లీ నానబెడితే మళ్లీ విడిపోతుంది. అయితే ప్రతిసారీ ఆ పీచు కొంచెం తెగుతుంది, కొంచెం బిరుసెక్కుతుంది, మొదట్లోలా నీరు పీల్చి ఉబ్బదు, పక్క పీచును గట్టిగా పట్టుకోదు. ఉతికిన కొద్దీ నూలు చీర పోగు పలుచబడ్డట్టే. ఐదు నుంచి ఏడు సార్లు తిరిగాక ఆ పీచు జల్లెడలోంచి జారి నీళ్లలో కలిసిపోతుంది. అందుకే ప్రపంచంలో కాగితమంతా పాత కాగితంతోనే చేయడం సాధ్యం కాదు, ఎక్కడో ఒకచోట కొత్త పీచు కలుస్తూ ఉండాలి. సుబాబుల్ రైతుకూ, పాత పేపర్లు కొనే కుర్రాడికీ ఇద్దరికీ చోటుంది.

ఇప్పుడు నీళ్ల సంగతి. కృష్ణ పక్కనే ఉండి కూడా ఎండాకాలం ట్యాంకరు కోసం బిందెలు వరుస పెట్టిన ఊళ్లవాళ్లం మనం, ఇది మనకు వివరించి చెప్పనక్కర్లేదు. మిల్లులో పాత కాగితం ముందు హైడ్రా పల్పర్‌లో పడుతుంది. పెద్ద తొట్టె, అడుగున కవ్వంలా తిరిగే రోటరు. పావుగంట, ఇరవై నిమిషాల్లో కట్టలు కట్టలు కాగితం అంబలిలా అయిపోతుంది. ఆ తర్వాత సుడి తిప్పే గొట్టాల్లో ఇసుక, పిన్నులు కిందికి దిగిపోతాయి, సన్నని జల్లెళ్లలో ప్లాస్టిక్ ముక్కలు ఆగిపోతాయి. తెల్ల కాగితం చేసే మిల్లయితే సబ్బు లాంటి పదార్థం వేసి గాలి బుడగలు వదులుతారు, సిరా ఆ నురగకు అంటుకుని పైకి తేలుతుంది, దాన్ని తెట్టు తీసినట్టు తీసేస్తారు. చివరికి వైరు మీదికి, అంటే కాగితం పొరగా పరుచుకునే సన్నని జాలీ మీదికి చేరే గుజ్జులో 99 శాతం నీళ్లే. ఆ నీళ్లు కిందికి కారి బ్యాక్ వాటర్‌గా మళ్లీ పల్పర్‌లోకే వస్తాయి. క్రాఫ్ట్ పేపరు మిల్లులో ఈ తిప్పుడు బాగా సాగుతుంది, ఎందుకంటే రంగు తీయక్కర్లేదు, తెల్లగా కడగక్కర్లేదు. కర్ర నుంచి తెల్ల కాగితం తీయాలంటే ఉడకబెట్టాలి, ఉడికాక గుజ్జుకు పట్టి ఉండే నల్ల ద్రవాన్ని కడగాలి, తెల్లబరచాలి, మళ్లీ కడగాలి. ప్రతి కడుగుడుకూ కొత్త నీళ్లు. అందుకే నన్నడిగితే రీసైక్లింగ్ లాభాల్లో ముందు నీళ్లనే చెబుతాను, చెట్ల పేరు ఆ తర్వాత.

తెల్లబరచడం గురించి ఒక మాట. పాత రోజుల్లో నేరుగా క్లోరిన్ వాయువు వాడేవాళ్లు. దానివల్ల డయాక్సిన్లు అనే విషపదార్థాలు పుట్టి కాలువల్లోకి చేరేవి. ఇప్పుడు పెద్ద మిల్లులు క్లోరిన్ డయాక్సైడ్‌కు, ఆక్సిజన్‌కు మారాయి. 2003లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పరిశ్రమలతో కుదుర్చుకున్న ఒప్పంద పత్రంలోనూ ఈ క్లోరిన్ వ్యర్థాల తగ్గింపు ఉంది. కొంచెం మబ్బు రంగులో ఉన్న నోటు పుస్తకం చూసి మన పిల్లలు ముఖం తిప్పుకుంటారు. పాలలా తెల్లటి కాగితమే కావాలని పట్టుబట్టకపోతే ఈ తంటా చాలా తగ్గుతుంది. మీ బడిలో రఫ్ పుస్తకాలకైనా ఆ రంగు కాగితం అలవాటు చేయించండి.

కరెంటు, బొగ్గు విషయంలో మాత్రం దాచకుండా చెప్పాలి. కర్ర నుంచి గుజ్జు తీసే పెద్ద మిల్లు, తన నల్ల ద్రవాన్నే బాయిలర్‌లో మండించి తనకు కావలసిన ఆవిరిలో, కరెంటులో చాలా భాగం తయారుచేసుకుంటుంది. అది చెట్టు నుంచి వచ్చిన ఇంధనమే. పాత కాగితం మిల్లుకు ఆ సదుపాయం లేదు. మొత్తం మీద దానికి ఖర్చయ్యే శక్తి తక్కువే, కానీ ఆ తక్కువను బొగ్గుతో తెస్తే లాభంలో కొంత పోతుంది. మా మిల్లులో మొదట బొగ్గు వాడేవాళ్లం, తర్వాత గోదావరి జిల్లాల రైస్ మిల్లుల నుంచి ఊక తెప్పించుకున్నాం. ఊకకు మారాక పొగ గొట్టం కింద నిలబడి నేను పడ్డ సంతోషం ఇప్పటికీ గుర్తుంది. రీసైక్లింగ్ అన్న పేరు ఒక్కటే మిల్లును మంచిదిగా చేయదు, బాయిలర్‌లో ఏం వేస్తున్నారో కూడా అడగాలి.

కాగితం మిల్లుకు చేరకపోతే ఏమవుతుందో చూడండి. చెత్తలో కలిసి డంపింగ్ యార్డుకు పోతుంది. అక్కడ కుప్ప అడుగున గాలి ఆడక కుళ్లి మీథేన్ పుట్టిస్తుంది. నూరేళ్ల లెక్కన చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే 25 రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. చాలామంది కాగితం మట్టిలో కలిసిపోయేదే కదా, ప్లాస్టిక్ అంత ప్రమాదం కాదులే అనుకుంటారు. కలిసిపోయే తీరులోనే ప్రమాదముంది. మన రెండు ఊళ్ల చెత్తతో కరెంటు తీసే ప్లాంటు యడ్లపాడు మండలం కొండవీడు దగ్గర 2022లో ప్రారంభమైంది, 15 మెగావాట్లది. యార్డులో కుళ్లడం కంటే అది మేలే. అయినా మంచి కాగితాన్ని మొదటి వాడకంలోనే తీసుకెళ్లి మండిస్తే ఇంకా నాలుగైదు సార్లు పనిచేయాల్సిన పీచు ఒక్క మంటతో పోయినట్టే. పీచు అరిగిపోయాక, నూనె పట్టాక, అప్పుడు మండించినా నాకు అభ్యంతరం లేదు.

ఇక నేను మొదటి నుంచీ చెప్పాలనుకుంటున్న మాటకు వచ్చాను. కాగితం బతికేదీ చచ్చేదీ మిల్లులో కాదు, మన వంటింటి గట్టు దగ్గర. పొడిగా ఉన్నంతసేపే అది సరుకు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట మునిగినప్పుడు, మా మేనమామ గారి దగ్గర నాతో పాటు కాటా పట్టిన స్నేహితుడి గోడౌన్ సింగ్‌నగర్‌లోనే ఉంది. నీళ్లు తీశాక నేనూ వెళ్లాను. దినపత్రికల కట్టలు నీరు పీల్చి ఉబ్బి, కట్టిన తాళ్లు తెంపుకుని గోడలకు ఆనుకుని బిగుసుకుపోయాయి. తలుపు లోపలికి తోసుకోలేక గునపంతో తీశాం. లోపల ఆ వాసన వర్ణించలేను. మురుగు, బురద, ఆపైన వారం తిరగకుండానే నల్లగా పట్టిన బూజు. మా స్నేహితుడు, "నానబెట్టి గుజ్జు చేసేదేగా, తడిస్తే ఏం?" అని ఆశగా అడిగాడు. చాలామంది అడిగే ప్రశ్నే అది. మిల్లులో నానేది ఇరవై నిమిషాలు, శుభ్రమైన నీళ్లలో. ఇక్కడ రోజుల తరబడి మురుగులో నానింది. బూజు పీచునే తింటుంది, మిగిలిన పీచుకు బలం ఉండదు, రంగు పోదు, ఆ గుజ్జు కలిస్తే మిల్లు తొట్లన్నీ జిగురు పట్టి కంపు కొడతాయి. ఏ మిల్లూ తీసుకోలేదు. పక్క వీధుల్లో ఇళ్ల ముందు పిల్లల పుస్తకాల సంచులు, పట్టాలు, పెళ్లి ఆల్బమ్‌లు బురద ముద్దలుగా పడి ఉన్నాయి. అన్నీ లారీల్లో యార్డుకే పోయాయి. ఆ రోజు మా స్నేహితుడితో పాటు నేనూ ఏడ్చాను.

అది వరద, మన చేతిలో లేదు. కానీ అదే పని మన ఇళ్లలో రోజూ చిన్నగా జరుగుతోంది. శుభ్రమైన అట్టపెట్టెను అన్నం, కూర తొక్కలున్న బుట్టలో పడేస్తాం. ఉతికిన బట్టల కింద పేపర్లు పరిచి తడవనిస్తాం. పాలపొట్లం కడగకుండా పేపర్ల సంచిలోనే వేస్తాం. ఒక్క పొట్లంలో మిగిలిన చుక్క పులిసి పది కాగితాలకు పట్టుకుంటుంది. మిల్లు గేటు దగ్గర తేమ చూసే కర్ర ఒకటి ఉంటుంది, బేలులోకి, అంటే అదిమి కట్టిన పెద్ద కట్టలోకి గుచ్చుతారు. పది, పన్నెండు శాతం దాకా ఒప్పుకుంటారు, ఆపైన ఉన్నదంతా తరుగు కింద కోసేస్తారు. మరీ తడిగా ఉంటే లారీని వెనక్కి తిప్పేస్తారు. బరువు పెరుగుతుందని కట్టల మధ్య నీళ్లు చల్లే వ్యాపారులను కూడా చూశాను. కాటా దగ్గర వాళ్లు రెండు రూపాయలు వెనకేసుకుంటారు, ఆ కట్ట మాత్రం మిల్లు చేరేలోపు బూజు పట్టి ఎవరికీ కాకుండా పోతుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, ఏది వేయాలి, ఏది వద్దు. దినపత్రికలు, నోటు పుస్తకాలు, పాఠ్యపుస్తకాలు, ఆఫీసు కాగితాలు, కవర్లు, అట్టపెట్టెలు హాయిగా వేయొచ్చు. పుస్తకాల పిన్నులు తీయాలని పిల్లల్ని కూర్చోబెట్టకండి, అవి మిల్లులో వాటంతటవే కిందికి దిగిపోతాయి. స్పైరల్ ప్లాస్టిక్ తీగ, ప్లాస్టిక్ అట్ట మాత్రం లాగేయండి. పిల్లలు అట్టల మీద వేసే ప్లాస్టిక్ కవర్లు, పేరు స్టిక్కర్లు కూడా. ఆ స్టిక్కరు జిగురు మిల్లువాళ్లకు పెద్ద శత్రువు. వేడికి కరిగి గుజ్జులో సన్న చుక్కలుగా మారి, జల్లెడ దాటిపోయి, డ్రైయర్ మీద అంటుకుని కాగితాన్ని తెంపుతుంది. రీలు తెగిన ప్రతిసారీ మిషను ఆపి మళ్లీ ఎక్కించాలి, ఆ అరగంట ఆవిరి, కరెంటు గాలికి పోయినట్టే. పార్సిల్ పెట్టెల మీది టేపు పొడుగ్గా ఒక్క పట్టున లాగితే వచ్చేస్తుంది, అది పిల్లలకు నేర్పండి.

వద్దన్నవి ఇవి. టీ తాగే పేపరు కప్పులు చూడటానికి కాగితమే అయినా లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది. మామూలు మిల్లు దాన్ని విడదీయలేదు. ఏటీఎం చీటీలు, సూపర్ మార్కెట్ బిల్లులు వేడికి నల్లబడే కాగితం మీద అచ్చవుతాయి. వాటి పూతలో ఉండే బిస్‌ఫినాల్ లాంటి రసాయనాలు గుజ్జు మొత్తానికి పాకుతాయి, అందుకే అవి చెత్తలోకే. టిష్యూలు, చేతులు తుడిచిన కాగితాలు, వెడల్పాటి బంగారు రేకు అద్దిన పెళ్లి శుభలేఖలు, మెరిసే బహుమతి కాగితాలు, కార్బన్ పేపరు, ఫొటోలు వద్దు. బిర్యానీ పెట్టె అడుగు నూనె పీల్చి ఉంటుంది, మూత శుభ్రంగా ఉంటే చించి మూతొక్కటే వేయండి. నూనె పట్టిన చోట పీచు పీచునంటదు, కాగితంలో చిల్లు పడుతుంది. శుభలేఖల విషయంలో ఇంకొక ఉపాయం. లోపలి తెల్ల కార్డు, బయటి మెరుపు కవరు విడదీస్తే లోపలిది మంచి సరుకే. మన ఊళ్లలో మాఘమాసం, వైశాఖం వచ్చాయంటే ప్రతి ఇంట్లో పదేసి శుభలేఖలు పోగవుతాయి కదా.

నూనె మాట వచ్చింది కాబట్టి సాయంత్రం బండి దగ్గర పునుగులు, బజ్జీలు దినపత్రికలో పెట్టి ఇస్తున్నారు చూడండి, దయచేసి దాన్ని పాత పేపరు వాడకం అనుకోకండి. వేడి నూనెకు అచ్చు సిరా కరిగి తిండిలోకి దిగుతుంది. దేశ ఆహార భద్రతా సంస్థ 2016లోనూ, మళ్లీ 2023లోనూ ఇలా వద్దని చెప్పింది. విస్తరాకు ముక్కో, అరిటాకు ముక్కో చాలు, మన దగ్గర వాటికి కరువా?

మళ్లీ వాడటం రీసైక్లింగ్ కంటే ఒక మెట్టు పైన. విజయవాడ ఎన్నో ఏళ్లుగా తెలుగు పుస్తకాల అచ్చుకు పుట్టిల్లు. ప్రెస్సుల్లో అంచులు కోసిన వైట్ కటింగ్‌కు మా గోడౌన్‌లో మిగతా అన్నిటికంటే ఎక్కువ రేటు ఉండేది, సిరా అంటని తెల్ల పీచు కాబట్టి. దాని తర్వాత రికార్డు, అంటే రాసిన ఆఫీసు కాగితాలు, నోటు పుస్తకాలు. అయితే పుస్తకంగా బతికి ఉన్నదాన్ని పుస్తకంగానే ఉంచాలి. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాల్లో కొన్న డిక్షనరీలతోనే నేను చదువుకున్నాను. ఇప్పుడు మన గుంటూరు, విజయవాడ కాలేజీల్లో ఒక్కో పిల్లవాడి చేతికి ఏడాదిలో ఇచ్చే మెటీరియల్, టెస్ట్ పేపర్లు చూస్తే గుండె బరువెక్కుతుంది. చాలావరకు ఒకవైపే అచ్చు. రెండో వైపు ఖాళీ. మా అమ్మ మార్చి దాటాక మా పుస్తకాల్లో మిగిలిన తెల్ల కాగితాలు చించి, దబ్బనంతో కుట్టి, వేసవంతా లెక్కలు చేయడానికి ఇచ్చేది. మీరు టీచరు, మీ మాట ప్రిన్సిపాల్ వింటారు. పరీక్ష పేపర్లు రెండు వైపులా అచ్చు వేయించమని అడగండి. ఆ ఒక్క మార్పుతోనే చాలా కాగితం ఆదా అవుతుంది.

మిల్లు వైపు తప్పు కూడా చెప్పాలి. మేం కొన్న అట్టల బేళ్లతో పాటు టేపు, ప్లాస్టిక్ సంచులు, థర్మోకోల్ వచ్చేవి. పల్పర్‌లోంచి రోజూ అవి పీకి యార్డులో వెనక పోసేవాళ్లం. వానాకాలం అందులోంచి కారిన నీళ్లు పక్క కాలువలోకి పోయాయి. ఆ ఊరి రైతు ఒకాయన వచ్చి తన మడిలో నీళ్లు చేత్తో తీసి మా మేనేజరుకు చూపించాడు. ఆ తర్వాతే గట్టు కట్టాం, ఆ చెత్తను సిమెంటు కొలిమికి పంపడం మొదలుపెట్టాం. ముందే చేయాల్సింది. అందుకే పెట్టె మీద టేపు తీయమంటే చాదస్తం అనుకోకండి. ఆ టేపు మీ ఇంట్లో అయితే ఒక్క చేతి పని, మిల్లు దాకా వస్తే ఇంకొకరి పొలం పక్కన గుట్ట అవుతుంది.

పిల్లలకు చార్టు కంటే చేత్తో చేసేది బాగా గుర్తుంటుంది. 50 గ్రాముల పాత నోటు పుస్తకం కాగితం చింపి రాత్రి నానబెట్టించండి. పొద్దున మిక్సీలో చాలా నీళ్లు పోసి కాసేపు తిప్పి, వెడల్పాటి టబ్బులో పోయండి. పాత ఫొటో ఫ్రేముకు కిటికీ దోమల జాలీ బిగించి, దాన్ని నీళ్లలో ముంచి అడ్డంగా పైకి ఎత్తితే పలుచని పొర పడుతుంది. పాత పంచె గుడ్డ మీద బోర్లించి, చపాతీ కర్రతో నీళ్లు ఒత్తి, ఎండలో ఆరబెట్టండి. అదే కాగితాన్ని మళ్లీ చింపి, మళ్లీ నానబెట్టి, రెండోసారి, మూడోసారి చేయించండి. మూడింటిలోంచీ ఒకే వెడల్పు, దాదాపు ఒకే మందం ఉన్న పట్టీలు కోసి, కింద చిన్న సంచి వేలాడదీసి, తెగేదాకా రూపాయి బిళ్లలు వేయించండి. ఎన్ని బిళ్లలకు ఏది తెగిందో వాళ్లే రాసుకుంటారు. మిక్సీ బ్లేడు మిల్లు రోటరు కంటే ఎక్కువగా పీచును కోస్తుంది కాబట్టి తేడా తొందరగా కనబడుతుంది, ఆ సంగతి కూడా చెప్పండి. ఆఖర్లో చిన్న కాగితం ముక్క మీద నూనె చుక్క వేసి అదీ గుజ్జు చేయించండి, ఏమవుతుందో చూస్తారు.

పోగుచేయడానికి మన ఊళ్లలో మంచి సమయం పరీక్షలయ్యాక, ఏప్రిల్. ఎండకు కాగితంలో తేమ ఉండదు, పుస్తకాలన్నీ ఒకేసారి బయటికొస్తాయి. జూన్ దాటనివ్వకండి, తొలకరి పడితే మెట్ల కింద దాచిన కట్టలకు నేల చెమ్మ ఎక్కుతుంది. అప్పటికీ పంపలేకపోతే కట్టలను ఇటుకల మీద పెట్టిన చెక్కపలక మీదికి ఎక్కించండి. తరగతికి రెండు అట్టపెట్టెలు చాలు, ఒకటి రాసిన తెల్ల కాగితానికి, ఇంకొకటి దినపత్రికలకూ అట్టలకూ. విడివిడిగా ఇస్తే రేటు కూడా విడిగా పలుకుతుంది. పెద్ద సంస్థల కోసం వెతక్కండి, మీ వీధికి రోజూ వచ్చే పాత పేపర్ల అతన్నే పిలవండి. ఈ దేశంలో ఇంత కాగితం మళ్లీ మిల్లు ముఖం చూస్తోందంటే అది వాళ్ల రిక్షాల పుణ్యమే. అతన్ని పిల్లల ముందే కాటా వేయమనండి, తరగతివారీగా కిలోలు బోర్డు మీద రాయించండి. తడి కట్ట ఏదైనా ఉంటే అతను ఎంత తరుగు తీశాడో అదీ ఆ పక్కనే రాయించండి.